గ్రీన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిస్తే: గోల్ఫ్ కోర్సును చదవడం నేర్చుకున్న నా అనుభవం

హైదరాబాదులో గోల్ఫ్ ఆడేవాళ్ళ మధ్య ఏదైనా కోర్సు ప్రస్తావన వస్తే సాధారణంగా మూడు ప్రశ్నలు వినిపిస్తాయి: మొత్తం ఎన్ని గజాలు, ఎన్ని హోల్స్‌లో (బంతిని మొదట కొట్టే చోటి నుంచి గుంతలో వేసేదాకా ఉండే ఒక్కో భాగం) నీళ్ళు అడ్డం వస్తాయి, ఎండాకాలంలో కూడా పచ్చగా ఉంటుందా. నేనూ చాలాకాలం ఈ ప్రశ్నలతోనే కోర్సులను తూచాను. నలభై దాటాక ఈ ఆట మొదలుపెట్టిన నాకు బంతిని గాలిలోకి లేపి తిన్నగా పంపడమే పెద్ద సాధన కాబట్టి, ఆ బంతి పడే నేలను ఎవరు, ఏ ఉద్దేశంతో అలా మలిచారన్న ఆలోచనకు తావే ఉండేది కాదు. ఆ ఆలోచన ఎలా మొదలైందో, ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పనిచేసిన రూపశిల్పుల మీద నాకు ఇంత గౌరవం ఎందుకు ఏర్పడిందో వివరంగా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మన దగ్గర ఈ ఆట ఆడేవాళ్ళు పెరుగుతున్నారు, కొత్త కోర్సులూ వస్తున్నాయి. కానీ ఆడే నేల గురించి తెలుగులో మాట్లాడుకోవడం చాలా తక్కువ.

మా కోర్సు నగర శివార్లలో, రాళ్ళ మధ్య కాస్త మట్టి పేరుకున్న నేల మీద ఉంది. అక్కడి ఏడో హోల్ పార్ 4, అంటే నాలుగు దెబ్బల్లో ముగించాల్సినది; బంతిని మొదట కొట్టే వెనుక టీ నుంచి 380 గజాలు. కుడివైపు పొడుగునా ఒక పాత కుంట, ఎడమవైపు గడ్డి పొట్టిగా కోసిన విశాలమైన ఫెయిర్‌వే, చివర కాస్త ఎత్తున, గుంత ఉండే నున్నటి గ్రీన్, ఆ గ్రీన్‌కు ఎడమ ముందు భాగంలో లోతైన ఇసుక గుంట, అంటే బంకర్. నీళ్ళకు దూరంగా ఉండాలని టీ దగ్గర అందరమూ ఎడమవైపే గురిపెడతాం. వానాకాలంలో ఆ దారి చక్కగా పనిచేస్తుంది. గ్రీన్ నాని మెత్తగా ఉంటుంది కనుక, ఎడమ నుంచి బంకర్ మీదుగా ఎత్తుగా కొట్టిన బంతి పడిన చోటే ఆగిపోతుంది. మార్చి దాటి నేల గట్టిపడ్డాక మాత్రం అదే చోటి నుంచి, అదే ఐరన్ కర్రతో, అంతే చక్కగా కొట్టిన బంతి గ్రీన్ మీద పడి, ఒక్కసారి ఎగిరి, కుడివైపు దొర్లుకుంటూ పోయి కుంట గట్టు దాకా వెళుతుంది. ఇది ఎండల ప్రభావమనీ, గ్రీన్‌కు నీళ్ళు సరిగా పెట్టడం లేదనీ మేమంతా అనుకునేవాళ్ళం.

ఒక ఏప్రిల్ ఉదయం కర్రల సంచి మోసే నా క్యాడీ, దూరం కొట్టడానికి వాడే డ్రైవర్ అనే కర్రను నా చేతికి ఇస్తూ, "సార్, అందరు ఎడమకే కొడ్తరు. ఎండకాలంల గా దిక్కుకెల్లి కొడితే బాల్ ఆగదు. కుంట ఒడ్డు పొంటి కొట్టుర్రి, గ్రీన్ మొత్తం కనవడ్తది" అన్నాడు. నేను కొంత సంకోచంతోనే కుడివైపు కొట్టాను. బంతి నీళ్ళకు పదిహేను గజాల దూరంలో ఆగింది. అక్కడ నిలబడి చూస్తే అది మరో హోల్ అనిపించింది. ఎడమ నుంచి అడ్డంగా, ఇరుకుగా కనిపించే గ్రీన్ అక్కడి నుంచి నిలువునా, నాలుక చాచినంత పొడుగ్గా ఉంది. బంకర్ దారిలోనే లేదు. గ్రీన్ ఎడమ అంచు ఎత్తుగా లేచి ఉండడం వల్ల, కుడి నుంచి వెళ్ళే బంతికి ఆ వాలే ఎదురు నిలిచి ఆపుతుంది. అంటే నీళ్ళకు దగ్గరగా వెళ్ళే ధైర్యం చేసినవాడికి రెండో షాట్ సులువవుతుంది, క్షేమం చూసుకున్నవాడికి రెండో షాట్ కష్టమవుతుంది. ఎవరినీ బలవంతపెట్టకుండా, ఏ దారి ఎంచుకుంటే ఏ ఫలితమో నేలే నిర్ణయిస్తోంది. ఆ క్యాడీకి ఈ సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు; ఆ కోర్సు మీద ఏ సీజన్‌లో బంతి ఎటు దొర్లుతుందో అతనికి తెలిసినంతగా సభ్యులెవరికీ తెలియదని నా అభిప్రాయం.

వృత్తిరీత్యా నేను సివిల్ ఇంజనీరును. కంటికి కనిపించిన వాలును కొలిచి చూడకపోతే నాకు నిద్రపట్టదు. కోర్సుకు సెలవైన ఒక సోమవారం అనుమతి తీసుకుని, ఎత్తులు కొలిచే ఆటో లెవెల్‌నూ, స్టాఫ్ అనే కొలత కర్రనూ ఏడో గ్రీన్ దగ్గరికి తీసుకుపోయాను. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు గ్రీన్ అంతటా మూడేసి మీటర్ల ఎడంతో గుర్తులు పెట్టి, క్యాడీ స్టాఫ్ పట్టుకుంటే ఒక్కో చోటా రీడింగ్ రాసుకున్నాను. సాయంత్రం ఇంట్లో కూర్చుని 10 సెంటీమీటర్ల అంతరంతో, సమాన ఎత్తులను కలిపే కాంటూరు గీతలు గీశాను. ఎడమ వెనుక మూలకూ కుడి ముందు మూలకూ మధ్య 28 మీటర్ల దూరంలో 62 సెంటీమీటర్ల తేడా తేలింది. నూటికి రెండు పాళ్ళకు కాస్త పైన. రోడ్డు మీద వాననీరు పక్కకు జారడానికి మేమిచ్చే వాలు కూడా దాదాపు ఇంతే. నడిచేవాడి కాలికి తెలియని ఆ కొద్దిపాటి వాలు, 380 గజాల అవతల టీ దగ్గర డ్రైవర్ పట్టుకున్నవాడు ఎటు గురిపెట్టాలో శాసిస్తోంది. కాంటూరు గీతలు కుంట వైపు వంగి, బంకర్ దగ్గర ఒకదానికొకటి దగ్గరపడుతుంటే, ఆ హోల్‌ను గ్రీన్ దగ్గర మొదలుపెట్టి టీ దాకా వెనక్కి ఆలోచించి కట్టారని నాకు అర్థమైంది.

ఆ తర్వాత నేను చదవడం మొదలుపెట్టాను. కోర్సు రూపకల్పనలో స్థూలంగా రెండు దృక్పథాలున్నాయి. మొదటిది దండించే పద్ధతి: దారికి ఇరువైపులా చెట్లు, గడ్డి, గుంటలు పెట్టి, తిన్నగా కొట్టనివాడికి శిక్ష వేయడం. రెండోది ఎంపికకు వదిలిపెట్టే పద్ధతి: దారి వెడల్పుగా ఉంటుంది, ఎక్కడ కొట్టినా బంతి దొరుకుతుంది, కానీ గ్రీన్ కోణం వల్ల ఒక చోటు మరో చోటుకన్నా మేలు; ఆ మేలైన చోటు పక్కనే ప్రమాదం పొంచి ఉంటుంది. బ్రిటన్‌లో హ్యారీ కోల్ట్, ఆలిస్టర్ మెకంజీ, అమెరికాలో చార్లెస్ బ్లెయిర్ మెక్‌డొనాల్డ్, డోనాల్డ్ రాస్, టిల్లింగ్‌హాస్ట్ వంటివారు ఈ రెండో పద్ధతిని ఒక కళ స్థాయికి తీసుకువెళ్ళారు. సుమారు 1910 నుంచి 1930ల ఆర్థిక మాంద్యం దాకా నడిచిన ఆ కాలాన్ని కోర్సు రూపకల్పనకు స్వర్ణయుగమంటారు. మాంద్యం, దాని వెంటే వచ్చిన రెండో ప్రపంచ యుద్ధం ఆ పనిని నిలిపేశాయి. యుద్ధం తర్వాత భారీ యంత్రాలు, నేల నిండా స్ప్రింక్లర్లు వచ్చి కోర్సులు మరో రూపం తీసుకున్నాయి.

వీరిలో నా మనసుకు మొదట దగ్గరైనవాడు మెకంజీ. వైద్యవిద్య చదివి, దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో సర్జన్‌గా పనిచేసినవాడు. అక్కడ బోయర్ సైనికులు కందకాలను చుట్టూ ఉన్న నేలలో కలిసిపోయేలా తవ్వుకున్న తీరును గమనించి, మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి ఆ విద్య నేర్పాడు. కోర్సుల్లోనూ దాన్నే వాడాడు. 1920లో అచ్చయిన చిన్న పుస్తకంలో ఆయన 13 సూత్రాలు రాశాడు. మనిషి చేసిన బంకర్ ఏదో, ప్రకృతి ఇచ్చిన గుంట ఏదో కొత్తవాడు పోల్చుకోలేకుండా ఉండాలన్నది అందులో ఒకటి. పోయిన బంతుల కోసం వెతుక్కునే విసుగు ఉండకూడదన్నది మరొకటి. ఎక్కువ దెబ్బలు పడి స్కోరు ఎంత పెరుగుతున్నా కొత్త ఆటగాడు కూడా ఆనందంగా రౌండ్ పూర్తి చేయగలగాలన్న సూత్రం నన్ను అన్నిటికన్నా కదిలించింది. వారాంతంలో గంటల తరబడి పొదల్లో బంతులు వెతుక్కునే మాబోటివారిని ఆయన వందేళ్ళ కిందటే తలచుకున్నాడు. మేటి ఆటగాడు బాబీ జోన్స్‌తో కలిసి ఆయన అమెరికాలో రూపొందించిన ఆగస్టా నేషనల్‌లో మొదట 22 బంకర్లే ఉండేవి, ఫెయిర్‌వే పక్కన పెంచే పొడుగు గడ్డి, అంటే రఫ్, దాదాపు లేదు. అంత తక్కువ సామగ్రితో, వాలులూ వాగూ ఆధారంగా, ఉత్తమ ఆటగాళ్ళను ఆలోచనలో పడేసే కోర్సును కట్టగలిగాడు.

మెక్‌డొనాల్డ్ దారి వేరు. చికాగో నుంచి 1872లో చదువుకోసం స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ వెళ్ళిన ఆ కుర్రవాడు, పెద్దయ్యాక బ్రిటన్‌లోని మేలైన హోల్స్‌ను ఒక్కొక్కటిగా పరిశీలించి, కొలతలు తీసుకుని, వాటి వెనుక ఉన్న ఆలోచనను అమెరికా నేలకు తగినట్టు మలిచాడు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో 1911లో ప్రారంభమైన నేషనల్ గోల్ఫ్ లింక్స్ అలా పుట్టింది. ఆ స్థలాన్ని సర్వే చేయడానికి కుదుర్చుకున్న సెత్ రేనర్ అనే సివిల్ ఇంజనీరు గోల్ఫ్ ఆడేవాడు కాదు. అయినా ఆ కొలతల పని ద్వారానే హోల్స్ తర్కాన్ని గ్రహించి, తర్వాత స్వయంగా గొప్ప రూపశిల్పి అయ్యాడు. ఆటో లెవెల్ పట్టుకుని గ్రీన్ మీద నిలబడిన నాకు ఆ మనిషి కథ ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

మా అమ్మాయి ఎడింబరోలో చదువుతున్న రోజుల్లో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళాం. మాకు కుదిరింది ఆదివారం. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఆదివారాలు ఆట ఉండదు; ఆ రోజు అది ఊరివాళ్ళందరికీ పార్కు. రైల్లో లూకర్స్ దాకా, అక్కడి నుంచి బస్సులో వెళ్ళాం. "ఆడనివ్వని రోజే చూసుకుని వచ్చామేమండీ?" అని మా ఆవిడ అడిగింది. ఆడే రోజైతే ఆ నేల మీద ఇష్టం వచ్చినట్టు నడవనివ్వరు కాబట్టి నా పనికి ఆదివారమే తగిన రోజని చెప్పి, పద్దెనిమిదో గ్రీన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచాను. కుక్కలతో షికారుకు వచ్చినవాళ్ళు, పిల్లల బండ్లు తోసుకుంటూ పోయే తల్లులు, ఫెయిర్‌వేను అడ్డంగా దాటే మామూలు రోడ్డు. గోడలూ గేట్లూ దాటితే తప్ప కంటపడని మన కోర్సులకు అలవాటుపడిన నాకు అది ఎంతో హాయిగా అనిపించింది.

టీవీలో ఓల్డ్ కోర్సు చదునుగా కనిపిస్తుంది. కాళ్ళ కింద మాత్రం అది ఎక్కడా చదునుగా లేదు. సముద్రం వెనక్కి తగ్గాక మిగిలిన ఇసుక మీద, గాలీ గొర్రెలూ మలిచిన నేల అది. మనిషి గీత చాలా తక్కువ. 18 హోల్స్‌లో 14 హోల్స్‌కు ఏడు జంట గ్రీన్లున్నాయి. జతపడిన హోల్స్ అంకెలు కలిపితే ప్రతిసారీ 18 వస్తుంది, రెండూ పదహారూ, మూడూ పదిహేనూ ఇలా. కోర్సులో ఉన్న 112 బంకర్లలో కొన్ని సరిగ్గా దారి మధ్యలో ఉన్నాయి. పదహారో హోల్‌లో ప్రిన్సిపల్స్ నోస్ అనే బంకర్ల గుంపు దగ్గర నిలబడి మా ఆవిడ, "ఇంత చోటుంటే దారి మధ్యలో తవ్వారేంటి? పక్కకు తవ్వితే ఎవరికీ అడ్డం రాదు కదా" అంది. గోల్ఫ్ ఎరగని మనిషి అడిగిన ఆ ప్రశ్నలోనే మొత్తం శాస్త్రమంతా ఉంది. పక్కన ఉన్న బంకర్ తప్పు కొట్టినవాడినే పట్టుకుంటుంది. మధ్యలో ఉన్న బంకర్ అందరినీ ఆలోచించమంటుంది. దానికి కుడివైపు, పాత రైలు మార్గం హద్దుకూ బంకర్లకూ నడుమ ఇరుకైన సందు ఉంది. అందులోంచి వెళితే గ్రీన్ తెరుచుకుంటుంది. ఎడమవైపు కావలసినంత చోటుంది. కానీ అక్కడి నుంచి గ్రీన్ కోణం అనుకూలించదు. మా ఏడో హోల్‌లో కుంట చేసే పనిని ఇక్కడ ఆ హద్దు చేస్తోంది.

పదిహేడో హోల్ దగ్గర చాలాసేపు గడిపాను. రోడ్ హోల్ అంటారు. గ్రీన్ సన్నగా, ఏటవాలు కోణంలో ఉంటుంది. ముందు ఎడమన నిటారు గోడల బంకర్, వెనుక రోడ్డు, దాని వెనుక రాతి గోడ. టీ దగ్గర కుడివైపు హోటల్ ఆవరణను ఆనుకుని, హద్దు దాటే ప్రమాదానికి సిద్ధపడి కొట్టినవాడికి గ్రీన్ పొడుగు దొరుకుతుంది. ఎడమకు తప్పుకున్నవాడికి బంకర్ అడ్డం, దాన్ని దాటిస్తే రోడ్డు. ప్రపంచంలోని గొప్ప ఆటగాళ్ళు సైతం అక్కడ గ్రీన్ ముందే బంతి ఆపి, చిన్న దెబ్బతో గ్రీన్ మీదికి చిప్ చేసి, నాలుగో అయిదో చేసి తృప్తిపడతారు. మెకంజీ 1924లో ఈ కోర్సుకు గీసిన పటం ప్రతిని నేను వెంట తీసుకువెళ్ళాను. దాన్నీ నేలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కో మడతనూ ఆయన ఎంత ఓపికగా గీశాడో తెలిసింది.

మర్నాడు ఎడింబరోకు తూర్పున ఉన్న నార్త్ బెరిక్‌లో ఆడాను. వెస్ట్ లింక్స్ అనే ఈ కోర్సు గురించి ఎంత రాసినా నాకు తక్కువే. పదమూడో హోల్‌లో గ్రీన్‌కు సరిగ్గా ముందు ఒక పాత రాతి గోడ ఏటవాలుగా అడ్డం వెళుతుంది. దాన్ని తీసేయాలని ఎవరూ అనుకోలేదు. బంతి గోడ దాటాలి, లేదా ఆగి ఆలోచించాలి, అంతే. పదిహేనో హోల్ రెడాన్. క్రిమియా యుద్ధకాలపు ఒక కోట బురుజు పేరు దానికి పెట్టారు. సుమారు 190 గజాల పార్ 3. గ్రీన్ కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి వాలి ఉంటుంది, అంటే ఆటగాడికి దూరంగా జారిపోతుంది. ఎడమ ముందు లోతైన బంకర్. టీ దగ్గర గ్రీన్ సరిగా కనిపించదు, ముందున్న దిబ్బ దాన్ని మరుగుపరుస్తుంది. ఫ్లాగ్‌కు గురిపెట్టి కొడితే బంకర్‌లో పడుతుంది, లేదా బంకర్ దాటి గ్రీన్ వెనక్కి పోతుంది. కుడివైపు ముందు భుజం మీద బంతిని దించి, మిగతాది వాలుకు వదిలేయాలి. నేను అయిదో ఐరన్‌తో అలాగే కొట్టాను. బంతి దిబ్బ అవతల కనుమరుగైంది. నడిచి వెళ్ళి చూస్తే, అది పడిన మచ్చకూ ఆగిన చోటుకూ మధ్య ముప్ఫై గజాలకు పైగా ఉంది. నా చేతిలోంచి పోయిన బంతిని ఆ నేల అందుకుని తీసుకుపోయి ఫ్లాగ్ పక్కన పెట్టింది. మెక్‌డొనాల్డ్ తన నేషనల్‌లో నాలుగో హోల్‌గా దీన్ని ఎందుకు మలుచుకున్నాడో, ఆ తర్వాత ప్రపంచమంతటా రూపశిల్పులు దీన్నే ఎందుకు మళ్ళీ మళ్ళీ కట్టారో అక్కడ నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది. బలం తక్కువైనవాడు కూడా ఈ హోల్‌ను గౌరవంగా ఆడగలడు; వాలును నమ్మడం తెలిస్తే చాలు.

తిరిగి వచ్చాక మన కోర్సులను చూసే చూపు మారింది. గోల్కొండ దగ్గర నయా ఖిలా గోడల మధ్య ఉన్న కోర్సులో అతిథిగా అంతకు ముందూ ఆడాను. అక్కడి బురుజులనూ, హతియాన్ కా ఝాడ్ అనే శతాబ్దాల నాటి బావోబాబ్ చెట్టునూ ఒక యాత్రికుడిలా చూసి వచ్చేవాణ్ని. ఇప్పుడైతే కోట కట్టినవాళ్ళు రాతిగుండ్ల వరుసను ఎలా వాడుకున్నారో, గోడ ఏ ఎత్తును పట్టుకుని మలుపు తిరిగిందో గమనిస్తున్నాను. 1656లో మొగలుల దాడి తర్వాత అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో ఆ ప్రాంతాన్ని కోటలో కలిపారని చరిత్ర. శత్రువు ఎటు నుంచి రావాలో ముందే నిర్ణయించిన ఆ నేల మీద, బంతి ఎటు నుంచి రావాలో ఆలోచిస్తూ నడవడం నాకు ఎంతో ఇష్టం. గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్ కోర్సులో రూపశిల్పి పీటర్ హారడైన్ సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ గుండ్లను తొలగించకుండా హోల్స్ మధ్య నిలబెట్టిన తీరు కూడా ఆ కోవలోదే. నగరంలో మిగతాచోట్ల పేల్చి చదును చేసేస్తున్న రాళ్ళకు అక్కడ ఒక గౌరవం దక్కింది.

అయితే చూపు మారడం ఒకటి, ఆ చూపుతో ఏదైనా చేయగలగడం మరొకటి. పాత గ్రీన్ల విషయంలో రెండు చిక్కులున్నాయని పోనుపోను తెలిసింది. మొదటిది గ్రీన్ల వేగం. వేగాన్ని కొలిచే స్టింప్‌మీటర్‌ను ఎడ్వర్డ్ స్టింప్సన్ 1935లోనే తయారుచేసినా, 1970ల చివర అది కోర్సులకు అందుబాటులోకి వచ్చాక, ఎవరి గ్రీన్లు ఎంత వేగమన్న పోటీ మొదలైంది. గడ్డిని ఎంత పొట్టిగా కోస్తే బంతి అంత దూరం దొర్లుతుంది. అప్పుడు పాతకాలపు వాలు మీద బంతి ఆగదు. ఆగదు కాబట్టి వాలునే చదును చేసేస్తారు. అలా ఎన్నో గొప్ప గ్రీన్లు తమ స్వభావాన్ని కోల్పోయాయి. మా గ్రీన్లను స్టింప్‌మీటర్ నుంచి వదిలిన బంతి తొమ్మిది అడుగులు దొర్లే వేగం దగ్గర ఉంచితే వాలూ బతుకుతుంది, ఆటా బతుకుతుంది. పన్నెండు అడుగులు కావాలని కోరే మిత్రులతో నేను ప్రతిసారీ వాదిస్తూనే ఉంటాను.

రెండోది నీళ్ళు. నేల గట్టిగా ఉంటేనే బంతి దొర్లుతుంది, దొర్లితేనే కోణానికి విలువ. మెత్తటి నేల మీద ఎటు నుంచి కొట్టినా ఒకటే. అంటే వేసవిలో కోర్సు కాస్త గోధుమ రంగుకు తిరగడం లోపం కాదు. ఆ కొద్ది నెలలే హోల్ తన అసలు ప్రశ్న అడుగుతుంది. ఈ మాట సభ్యులకు చెప్పినప్పుడు నాకు ఆసరాగా నిలిచింది అమెరికాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2. డోనాల్డ్ రాస్ 1907లో పూర్తిచేసి, 1948లో చనిపోయేదాకా చెక్కుతూ వచ్చిన కోర్సు అది. 1930ల మధ్య వరకు అక్కడివి ఇసుక గ్రీన్లే. మన సైనిక కోర్సుల్లో బ్రౌన్స్ అనే ఇసుక గ్రీన్ల మీద బంతిని గుంతలోకి దొర్లించి పట్ చేసినవాళ్ళకు అవెలా ఉంటాయో తెలుసు. కాలక్రమంలో అది అంచుల దాకా పచ్చగడ్డి పరుచుకున్న మామూలు కోర్సుగా మారిపోయింది. 2010, 2011లో రూపశిల్పులు బిల్ కోర్, బెన్ క్రెన్‌షా ఎకరాల కొద్దీ గడ్డి తీసేసి, ఫెయిర్‌వేలను వెడల్పు చేసి, పక్కల ఇసుకనూ అడవి గడ్డినీ బయటపెట్టారు. స్ప్రింక్లర్లను సగానికి పైగా తగ్గించారు. 2014లో పురుషుల, మహిళల యు.ఎస్. ఓపెన్‌లు రెండూ వరుస వారాల్లో అక్కడే జరిగాయి. బోర్లు అడుగంటే మన నగరంలో ఈ ఉదాహరణను పట్టించుకోవడం గోల్ఫ్‌కు మించిన అవసరం కూడా.

ఏడో గ్రీన్ కాంటూరు పటాన్నీ, పైన్‌హర్స్ట్ పాత, కొత్త ఛాయాచిత్రాలనూ పక్కపక్కన పెట్టి మా గ్రీన్స్ కమిటీకి ఒక నివేదిక ఇచ్చాను. అందులో పెద్ద ఖర్చేమీ లేదు. కుంట ఒడ్డున ఇరవై గజాల వెడల్పున పెంచుతున్న రఫ్‌ను ఫెయిర్‌వే ఎత్తుకు కోయాలి. అప్పుడే కుడివైపు దారి ఎంచుకునేవాడికి అసలు దారంటూ ఉంటుంది. గ్రీన్ కుడి ముందు భాగంలో గడ్డి తగ్గించాలి. బంతిని నేల మీదుగా దొర్లించేవాడికి అది తలుపు. గట్టు మీద అందం కోసం నాటిన పూలపొదల వరుసను తీసి మరోచోట నాటాలి. పొదల విషయంలో చాలా చర్చ జరిగింది. ఒక పెద్దాయన, "బాబూ, చూడ్డానికి బాగుందని నాటించింది నేనే; నువ్వు చెప్పిన చోట నిలబడి చూశాను, తీయించెయ్యి" అన్నారు. ఆయన స్వయంగా నడిచి వెళ్ళి చూసి ఆ మాట అనడం నాకు గొప్ప సంతోషం కలిగించింది. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి వానలు పడేదాకా ఈ ఒక్క హోల్‌లో ప్రయోగంగా చేయడానికి కమిటీ ఒప్పుకుంది. ఆ వేసవిలో ఎనిమిదో టీ దగ్గర నిలబడి వెనుక వచ్చేవాళ్ళను గమనిస్తే, నలుగురిలో ఒకరైనా కుంట వైపు గురిపెడుతున్నారు. ఎక్కువ హ్యాండిక్యాప్ ఉన్నవాళ్ళు, అంటే ఆటలో ఇంకా పట్టు చిక్కనివాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు గ్రీన్ ముందు నుంచి బంతిని దొర్లించుకుంటూ తీసుకుపోతున్నారు.

ఇప్పుడు పన్నెండో గ్రీన్ కొలతలు తీస్తున్నాం. దాని ముందు భాగంలో అడ్డంగా ఒక మెట్టులాంటి ఉబ్బు ఉంది. అది మొదట కట్టినప్పుడే పెట్టిన రూపమా, లేక ఏళ్ళ తరబడి పక్క బంకర్ నుంచి ఎగిరిపడిన ఇసుకా, గ్రీన్‌ను నున్నగా ఉంచడానికి పైన చల్లే టాప్ డ్రెస్సింగ్ ఇసుకా పేరుకుని ఏర్పడిందా అన్నది పైనుంచి చూస్తే తేలదు. పాత కోర్సుల్లో బంకర్ పక్కన గ్రీన్ అంచులు ఇలా అడుగు, అడుగున్నర దాకా పెరగడం మామూలే. పునరుద్ధరణ చేసేవాళ్ళు గొట్టంతో మట్టి నమూనా తీసి, ఇసుక పొర ఎక్కడ ఆగి అసలు మట్టి ఎక్కడ మొదలవుతుందో చూసి పాత రూపాన్ని పట్టుకుంటారు. దసరా సెలవులు కాగానే అటువంటి నమూనాలు తీసేందుకు మా సూపరింటెండెంట్ గారు ఒప్పుకున్నారు. ఇసుక పొర పలచగా ఉంటే ఆ మెట్టును తాకకుండా ఉంచాలని, మందంగా ఉంటే కిందనున్న మట్టి దాకా జాగ్రత్తగా దించాలని అనుకుంటున్నాం.